ఐహెచ్‌సీ స్టెయిన్ చేత్తో ఎలా చేయాలి: ఈఆర్ స్లైడ్ మొదటి నుంచి చివరి దాకా

"స్టెయిన్ రాలేదండీ, యాంటీబాడీ పాడైపోయిందంటారా?" ఐహెచ్‌సీ (ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ), అంటే ముక్కలోని ఒక ప్రోటీన్‌ని యాంటీబాడీతో పట్టి రంగులో చూపించే స్టెయిన్‌ని, ఆటోస్టెయినర్ (స్టెయిన్ చేసే యంత్రం) లేని ల్యాబుల్లో చేసే టెక్నీషియన్లు, పాథాలజీ పీజీలు పదేపదే అడిగే ప్రశ్న ఇది. చాలాసార్లు యాంటీబాడీ తప్పేమీ ఉండదు. ముక్క ఫార్మలిన్‌లో సరిగ్గా నాని ఉండదు, లేదా రిట్రీవల్ (ఫార్మలిన్ దాచేసిన చోట్లను వేడితో బయటపెట్టడం) సరిపోయి ఉండదు, లేదా మధ్యలో ఎక్కడో స్లైడ్ ఆరిపోయి ఉంటుంది. కొత్త వయల్‌కు ఆర్డర్ పెట్టేముందు ఈ మూడూ చూసుకోవాలి.

ఉదాహరణకు రొమ్ము క్యాన్సర్ బ్లాకు (వ్యాక్స్‌లో పోతపోసిన ముక్క) మీద ఈస్ట్రోజెన్ రిసెప్టర్, అంటే ఈఆర్ స్టెయిన్ తీసుకుందాం. పాలిమర్ కిట్, డ్యాబ్ (గోధుమ రంగునిచ్చే రసాయనం) వాడి చేత్తో చేసే పద్ధతి ఇది. ఇది చేయి తిరిగితే మిగతా మార్కర్లకు రిట్రీవల్ బఫరు, డైల్యూషన్ మార్చుకుంటే సరిపోతుంది. మీ కిట్‌తో వచ్చిన కాగితం వేరే టైమింగ్ చెబితే దాన్నే పాటించండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాజిటివ్ చార్జ్ ఉన్న స్లైడ్లు. లేకపోతే పాలీ ఎల్ లైసిన్ పూసినవి. మామూలు స్లైడ్లు వద్దు. రిట్రీవల్‌లో ముక్క లేచిపోతుంది.
- జైలీన్, ఆల్కహాల్ (100, 95, 70 శాతం), డిస్టిల్డ్ వాటర్.
- రిట్రీవల్ బఫరు. సిట్రేట్ పీహెచ్ 6.0కి లీటరు నీళ్లలో ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 2.94 గ్రాములు. ట్రిస్ ఈడీటీఏ పీహెచ్ 9.0కి ట్రిస్ బేస్ 1.21 గ్రాములు, డైసోడియం ఈడీటీఏ 0.37 గ్రాములు. రెంటిలోనూ ట్వీన్ 20 అర మిల్లీలీటరు.
- కడగడానికి టీబీఎస్ (ట్రిస్ బఫర్డ్ సెలైన్), పీహెచ్ 7.6, అందులో 0.05 శాతం ట్వీన్ 20.
- 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. 30 శాతం స్టాక్ ఉంటే ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు. ఏ రోజుది ఆ రోజే కలపండి.
- ఈఆర్ ప్రైమరీ యాంటీబాడీ (ఈఆర్‌కి నేరుగా అతుక్కునేది). ఎస్‌పీ1 క్లోన్ కుందేలుది, 1డీ5, 6ఎఫ్11 ఎలుకవి.
- హెచ్‌ఆర్‌పీ (డ్యాబ్‌కి రంగు తెప్పించే ఎంజైము) పాలిమర్ డిటెక్షన్ కిట్, డ్యాబ్, హెమటాక్సిలిన్ (కేంద్రకాలకు నీలం రంగునిచ్చేది), డీపీఎక్స్ (కవర్‌స్లిప్ అంటించే మీడియం).
- ప్యాప్ పెన్ (ద్రవం జారిపోకుండా ముక్క చుట్టూ గీత గీసే పెన్), మైక్రోపిపెట్లు, టైమర్, గ్లవ్స్.
- హ్యుమిడ్ చాంబర్. కొనక్కర్లేదు. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా అడుగున తడిపిన టిష్యూ పేపరు పరిచి, దాని మీద రెండు పాత పిపెట్లు పట్టాల్లా పెట్టి స్లైడ్లు అడ్డంగా ఆనించండి. డబ్బా బల్ల మీద సమంగా ఉండాలి. ఒరిగితే యాంటీబాడీ అంతా ఒక పక్కకి జారి, రెండో పక్క స్టెయిన్ లేకుండా పోతుంది.
- కంట్రోల్ బ్లాకు. ఈఆర్‌కి గర్భాశయ ముఖద్వారం ముక్క గానీ టాన్సిల్ గానీ.

1. ముందు బ్లాకు చరిత్ర కనుక్కోండి

ఈ మెట్టు దాదాపు ఎవరూ ఎక్కరు. రిక్విజిషన్ ఫారం తీసి చూడండి: ఆపరేషన్ ఎప్పుడైంది, ఫార్మలిన్‌లో ఎప్పుడు వేశారు, ఎంతసేపు ఉంచారు. ముక్క బయటికి వచ్చిన గంటలోపు 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో పడాలి. ఈఆర్, పీఆర్ (ప్రొజెస్టరాన్ రిసెప్టర్), హెర్2 అనే రొమ్ము మార్కర్లకు అందులో 6 నుంచి 72 గంటలు ఉండాలి. ఫార్మలిన్ పరిమాణం ముక్కకి కనీసం పది రెట్లు ఉండాలి.

ఊళ్లలోని నర్సింగ్ హోముల నుంచి వచ్చే శాంపిళ్లలో జరిగేది వేరు. రొమ్ము మొత్తాన్ని ఇరుకు మూతి సీసాలో కుక్కి, పైన రెండు వేళ్ల ఎత్తు ఫార్మలిన్ పోస్తారు. అదీ కుళాయి నీళ్లతో కలిపింది. కొన్నిసార్లు సెలైన్‌లోనే పంపేస్తారు. అలాంటి ముక్క బయట గట్టిపడి, లోపల పచ్చిగానే ఉంటుంది. స్లైడ్‌లో అంచు వెంబడి స్టెయిన్ బాగా వచ్చి మధ్యలో తేలిపోతే కారణం ఇదే కావచ్చు. దీనికి ఏ రిట్రీవల్‌తోనూ మందు లేదు. శాంపిల్ అందగానే పెద్ద ముక్కను 5 మిల్లీమీటర్ల స్లైసులుగా కోసి తాజా బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయడమే మీ చేతిలో ఉన్నది. ఎముకతో వచ్చిన ముక్కను ఆసిడ్‌తో డీకాల్సిఫై చేసి ఉంటే ఆ సంగతి రిపోర్ట్ రాసే డాక్టరుకి తప్పకుండా చెప్పండి. అక్కడ నెగెటివ్ వస్తే నమ్మడానికి లేదు.

2. సెక్షన్ కోయండి

3 నుంచి 4 మైక్రాన్లు చాలు. మందంగా కోస్తే రంగు ముదిరినట్టు కనిపిస్తుంది, కణం మీద కణం పడి కేంద్రకాలు లెక్కపెట్టలేం. వాటర్ బాత్‌లో జెలటిన్, గ్లూ లాంటివి కలపొద్దు, బ్యాక్‌గ్రౌండ్ వస్తుంది. ముడత పడిన సెక్షన్‌ని "పర్లేదులే" అనుకోకండి. ముడతలో రసాయనాలు చిక్కుకుని అక్కడ గోధుమ గీత పడుతుంది.

కేసు సెక్షన్ ఎక్కించే స్లైడ్ మీదే ఒక కొసన కంట్రోల్ ముక్కనూ ఎక్కించండి. వేరే స్లైడ్ మీద కంట్రోల్ బాగా వచ్చినంత మాత్రాన, ఈ స్లైడ్ మీద యాంటీబాడీ పడిందని రుజువు కాదు.

నీళ్లు కారిపోయేలా స్లైడ్లు నిలబెట్టి ఆరాక, 60 డిగ్రీల దగ్గర గంటసేపు ఓవెన్‌లో పెట్టండి. తొందర లేకపోతే 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచడం ఇంకా మేలు. కోసిన స్లైడ్లను నెలల తరబడి దాచొద్దు, యాంటిజెన్ బలం తగ్గిపోతుంది. రొమ్ము మార్కర్లకు 6 వారాలు దాటిన సెక్షన్లు పక్కన పెట్టి కొత్తవి కోయండి.

3. వ్యాక్స్ తీసేయండి

జైలీన్ మూడు జార్లు, ఒక్కోదాంట్లో 5 నిమిషాలు. తర్వాత 100 శాతం ఆల్కహాల్ రెండుసార్లు, 95, 70, ఒక్కోటి 3 నిమిషాలు. చివరికి డిస్టిల్డ్ వాటర్.

ఎలా చెక్ చేయాలి: నీళ్లలోంచి తీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. ముక్క మీద నీరు ఒకే పొరలా పరుచుకోవాలి. తెల్లటి మచ్చలు కనిపించినా, నీరు బొట్లుగా విడిపోయినా వ్యాక్స్ ఇంకా ఉన్నట్టే. మళ్లీ ఆల్కహాల్ మీదుగా జైలీన్‌కి వెనక్కి వెళ్లండి. హెచ్ అండ్ ఈ (రోజూ చేసే హెమటాక్సిలిన్, ఈయోసిన్ స్టెయిన్) కోసం వారమంతా వాడిన జైలీన్‌నే దీనికీ వాడితే ఈ మచ్చలు తప్పవు.

ఇక్కడి నుంచి కవర్‌స్లిప్ వేసేముందు డీహైడ్రేషన్ దాకా స్లైడ్ ఆరకూడదు. ఫోన్ మోగినా సరే.

4. యాంటిజెన్ రిట్రీవల్

ఫార్మలిన్ ప్రోటీన్లను ఒకదానికొకటి ముడివేస్తుంది. యాంటీబాడీ అతుక్కోవాల్సిన చోటు ఆ ముడుల వెనక దాగిపోతుంది. బఫర్‌లో వేడి చేస్తే అది మళ్లీ బయటపడుతుంది. 1991లో షాన్ రాంగ్ షీ బృందం మైక్రోవేవ్‌తో ఈ సంగతి చూపించాకే, బ్లాకుల మీద పనిచేయదనుకున్న యాంటీబాడీలు ఎన్నో పనికొచ్చాయి. సిద్ధాంతం ఇంతకు మించి అక్కర్లేదు.

ఈఆర్‌కి నేనైతే ట్రిస్ ఈడీటీఏ పీహెచ్ 9.0తోనే మొదలుపెడతాను. సిట్రేట్ కూడా నడుస్తుంది, కానీ తక్కువ ఈఆర్ ఉన్న కేసుల్లో మొదటిదే బాగా పట్టుకుంటుంది. బఫరు పీహెచ్‌ని మీటర్‌తో చూడండి, పేపర్ స్ట్రిప్‌తో కాదు.

వాటర్ బాత్‌తో అయితే: బఫరున్న జార్‌ని ముందే 95 నుంచి 98 డిగ్రీలకు రానివ్వండి. తర్వాతే స్లైడ్లు దించి 20 నిమిషాలు ఉంచండి. థర్మామీటర్ జార్ లోపల ఉండాలి. బాత్ డిస్‌ప్లే 98 చూపిస్తున్నప్పుడు జార్ లోపల 90 కూడా ఉండకపోవచ్చు. చాలా "వీక్ స్టెయినింగ్" కేసుల గుట్టు ఇక్కడే ఉంటుంది.

ప్రెషర్ కుక్కర్‌తో అయితే: బఫరు మరగనిచ్చి, స్లైడ్లను వేడికి తట్టుకునే రాక్‌లో దించి, మూత పెట్టి వెయిట్ వేయండి. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి, అక్కడి నుంచి 3 నిమిషాలు లెక్కపెట్టండి. ప్రెషర్ దానంతట అది దిగాకే మూత తీయండి. కరెంటు పోతుందన్న టెన్షన్ ఉండదు కాబట్టి చిన్న ల్యాబులకి ఇదే అనువు. ఆ కుక్కర్ మీద "ల్యాబుకి మాత్రమే" అని పెయింట్‌తో రాసి పెట్టండి, మళ్లీ వంటింటి ముఖం చూడకూడదు.

ఇంట్లో వాడే మైక్రోవేవ్ మాత్రం నాకు నచ్చదు. బఫరు ఒకచోట పొంగుతుంది, ఇంకోచోట గోరువెచ్చగా ఉంటుంది. తప్పనిసరైతే 5 నిమిషాలకోసారి ఆపి బఫరు తగ్గినంత మేర నింపుతూ ఉండండి.

ఏ పద్ధతైనా అయ్యాక బఫరుతో సహా 20 నిమిషాలు చల్లారనివ్వండి. వేడి వేడిగా బయటికి తీస్తే స్లైడ్ చూస్తుండగానే ఆరిపోతుంది. తర్వాత టీబీఎస్‌లో 5 నిమిషాలు.

5. పెరాక్సైడ్ బ్లాక్

ముక్క చుట్టూ ఉన్న తడిని టిష్యూతో ఒత్తి, ప్యాప్ పెన్‌తో గీత గీయండి. గీత ముక్కకి 3, 4 మిల్లీమీటర్లు దూరంగా ఉండాలి. ముక్క మీదకెక్కితే అక్కడ స్టెయిన్ పడదు. ముక్కలో ముందే ఉన్న పెరాక్సిడేజ్ డ్యాబ్‌కి రంగు తెప్పించకుండా 3 శాతం పెరాక్సైడ్ 10 నిమిషాలు, తర్వాత టీబీఎస్‌తో రెండుసార్లు కడగాలి.

చివర్లో స్లైడ్ చూసినప్పుడు ఎర్ర రక్తకణాలు గోధుమ రంగులో మెరుస్తుంటే ఈ మెట్టు పనిచేయలేదని అర్థం. సాధారణంగా పాతబడిన పెరాక్సైడే కారణం.

6. ప్రైమరీ యాంటీబాడీ

రెడీ టు యూజ్ వయల్ అయితే అలాగే వేయండి. కాన్‌సెంట్రేట్ అయితే టైట్రేషన్ చేయకుండా కేసు మీద వేయకండి. కంట్రోల్ బ్లాకు మీద 1:50, 1:100, 1:200, 1:400 నాలుగు స్లైడ్లు నడిపి, బ్యాక్‌గ్రౌండ్ లేకుండా కేంద్రకాలు బాగా పలికిన డైల్యూషన్ ఎంచుకోండి. డేటాషీట్‌లో రాసింది ఆ కంపెనీ ల్యాబులో కుదిరిన అంకె. మీ నీళ్లకి, మీ కిట్‌కి అది కుదరకపోవచ్చు.

స్లైడ్‌కి 100 మైక్రోలీటర్లు అనుకుంటే 10 స్లైడ్లకు 1 మిల్లీలీటరు కావాలి. 1:100 అంటే 10 మైక్రోలీటర్ల యాంటీబాడీ, 990 డైల్యూయెంట్. డైల్యూయెంట్‌లో సోడియం అజైడ్ కొంచెం ఉన్నా ప్రైమరీకి ఇబ్బంది లేదు, కడిగేస్తాం కదా. కానీ వాష్ బఫర్‌లోనూ పాలిమర్‌లోనూ అజైడ్ ఉండకూడదు. అది హెచ్‌ఆర్‌పీని చంపేస్తుంది.

కడిగిన బఫరు ముక్క మీద ఎక్కువగా నిలిచి ఉంటే మీ 1:100 కాస్తా 1:200 అయిపోతుంది. స్లైడ్‌ని వంచి, అంచుని టిష్యూకి తాకించి నీరు లాగేసి, వెంటనే యాంటీబాడీ వేయండి. బుడగ ఉంటే పిపెట్ మొనతో పక్కకి నెట్టండి. బుడగ ఉన్నచోట గుండ్రంగా తెల్ల మచ్చ మిగులుతుంది.

రూమ్ టెంపరేచర్‌లో గంటసేపు లేదా 4 డిగ్రీల దగ్గర రాత్రంతా. ఏదో ఒకటి ఎంచుకుని దానికే టైట్రేట్ చేయండి. కిట్ కాగితాల్లో రూమ్ టెంపరేచర్ అంటే 20 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది అని కాదు. ఆ వేడికి యాంటీబాడీ చుక్క అంచుల నుంచి ఎండిపోతుంది, ముక్క చుట్టూ గోధుమ అంచు కడుతుంది. ఏసీ లేకపోతే వేసవిలో ఫ్రిజ్ పద్ధతికి మారండి. ఫ్యాన్ గాలి తగిలేచోట మాత్రం చాంబర్ తెరవకండి.

ఒక స్లైడ్ మీద యాంటీబాడీ లేకుండా డైల్యూయెంట్ మాత్రమే వేయండి. అదే మీ నెగెటివ్ కంట్రోల్.

7. పాలిమర్

టీబీఎస్‌తో మూడుసార్లు, ఒక్కోసారి 3 నిమిషాలు కడిగి, పాలిమర్ వేసి కిట్ చెప్పినంతసేపు, మామూలుగా 20 నుంచి 30 నిమిషాలు ఉంచండి. మళ్లీ మూడుసార్లు కడగండి. మీ పాలిమర్ ఎలుక, కుందేలు రెండింటికీ పనిచేసేదేనా అని లేబుల్ చూడండి. కుందేలు ప్రైమరీ మీద ఎలుకకి మాత్రమే పనికొచ్చే సెకండరీ (ప్రైమరీని పట్టుకునే యాంటీబాడీ) వేసి స్టెయిన్ కోసం ఎదురుచూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాత బయోటిన్ కిట్ వాడుతుంటే కాలేయం, కిడ్నీ ముక్కల్లో బయోటిన్ బ్లాక్ తప్పనిసరి.

8. డ్యాబ్

వాడే ముందే కలపండి. కంట్రోల్ స్లైడ్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తూ రంగు రానివ్వండి. సాధారణంగా 5 నిమిషాలు చాలు. బ్యాచ్‌లోని స్లైడ్లన్నిటికీ ఒకే టైము ఇవ్వాలి. ఒక కేసు లేతగా ఉందని దానికి మాత్రం పది నిమిషాలు ఉంచితే ఆ రిపోర్ట్‌కి విలువ ఉండదు.

డ్యాబ్ క్యాన్సర్ కారకమని అనుమానం ఉన్న రసాయనం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, సింక్‌లో పోయొద్దు. బ్లీచ్ కలిపితే విరుగుడైపోతుందన్న నమ్మకం కూడా వద్దు. విడిగా ఒక సీసాలో పోగుచేసి రసాయన వ్యర్థాలతో పంపండి.

నల్లమచ్చల ట్యూమర్ అయితే, అంటే మెలనోమా అయితే, మెలనిన్ కూడా గోధుమ రంగే కాబట్టి ఎర్ర క్రోమోజెన్ (రంగునిచ్చే పదార్థం) వాడండి. వాటిలో ఏఈసీ అనేది వాడితే మాత్రం ఆల్కహాల్, జైలీన్ తగలనివ్వకండి, రంగంతా కరిగిపోతుంది. నీళ్లతో కుదిరే మౌంటింగ్ మీడియం కావాలి.

9. కౌంటర్‌స్టెయిన్, మౌంటింగ్

మేయర్ హెమటాక్సిలిన్ ఒక నిమిషం. హ్యారిస్ అయితే కొన్ని సెకన్లే. తర్వాత కుళాయి నీళ్లలో నీలం తేరనివ్వాలి. ఇది హెచ్ అండ్ ఈ కాదు, నీలం లేతగా ఉండాలి. కేంద్రకం ముదురు నీలమైతే లేత ఈఆర్ దాని కింద కనిపించకుండా పోతుంది, పాజిటివ్ కేసు నెగెటివ్‌గా వెళ్లిపోతుంది. 95, 100 శాతం ఆల్కహాల్, జైలీన్, డీపీఎక్స్, కవర్‌స్లిప్.

10. స్లైడ్ సరిగా వచ్చిందా?

కేసుని చివర్లో చూడండి. ముందు నెగెటివ్ కంట్రోల్: గోధుమ రంగు అసలు ఉండకూడదు. తర్వాత పాజిటివ్ కంట్రోల్. ఆ తర్వాత కేసులోనే ఉన్న మామూలు పాలనాళాలు. అసలు సాక్షి అదే. నాళం లోపలి వరసలో కొన్ని కేంద్రకాలు ముదురుగా, కొన్ని లేతగా, కొన్ని ఖాళీగా ఉండాలి. బయటి వరసలోని మయోఎపిథీలియల్ కణాలు నీలంగా ఉండాలి. లోపలివీ బయటివీ అన్నీ ఒకేలా గోధుమగా ఉంటే స్టెయిన్ ముదిరింది. నాళాలు పూర్తిగా ఖాళీగా ఉండి ట్యూమర్ కూడా ఖాళీగా ఉంటే అది నెగెటివ్ కాదు, ఫెయిలైన స్లైడ్. మళ్లీ చేయాలి.

ఈఆర్ కేంద్రకంలోనే లెక్క. సైటోప్లాజం గోధుమ రంగు లెక్కలోకి రాదు. ట్యూమర్ కేంద్రకాల్లో 1 శాతం స్టెయిన్ అయినా పాజిటివే. 1 నుంచి 10 శాతం ఉంటే "లో పాజిటివ్" అని విడిగా రాస్తారు. రోగికి హార్మోన్ మందు ఇవ్వాలా వద్దా అన్నది ఇంత సన్నటి గీత మీద ఆధారపడుతుంది కాబట్టే లేత స్టెయిన్ గురించి ఇంత చెప్పడం. కుళ్లిన భాగాలు, ముక్క అంచులు, నలిగిన కణాలు ఎప్పుడూ అబద్ధం చెబుతాయి. అవి వదిలేసి చూడండి.

తేడా వస్తే ఎక్కడ వెతకాలి

కంట్రోల్‌తో సహా ఏమీ రాలేదు: ఒక చిన్న ట్యూబులో కలిపిన డ్యాబ్ కొంచెం తీసుకుని ఒక చుక్క పాలిమర్ వేయండి. వెంటనే గోధుమ రంగు తిరిగితే రెండూ బతికే ఉన్నాయి. తిరగకపోతే యాంటీబాడీని అనవసరంగా తిట్టుకుంటున్నట్టు. రంగు తిరిగీ స్లైడ్ ఖాళీగా ఉంటే, ప్రైమరీ వేయడం మర్చిపోయారేమో, రిట్రీవల్ వేడి అందిందా లేదా చూడండి.

కంట్రోల్ బాగుంది, కేసులో నాళాలు కూడా ఖాళీ: ఫిక్సేషన్ సమస్య. వేరే బ్లాకు మీద ప్రయత్నించండి.

అంతటా గోధుమ పొర: ప్రైమరీ చిక్కగా ఉంది, లేదా కడగడం చాలలేదు, లేదా ఆరింది. నెగెటివ్ కంట్రోల్ కూడా అలాగే ఉంటే ప్రైమరీని వదిలేసి పాలిమర్, పెరాక్సైడ్ వైపు చూడండి.

ముక్క లేచిపోయింది: స్లైడ్ చార్జ్, ఓవెన్ టైము, బఫరు మరీ గట్టిగా ఉడకడం. కొవ్వు ఎక్కువున్న రొమ్ము ముక్కలకు 37 డిగ్రీల పద్ధతి, వాటర్ బాత్ రిట్రీవల్ మేలు.

కేంద్రకాల్లో రంధ్రాలు, ముక్క చిరిగినట్టు: రిట్రీవల్ ఎక్కువైంది. టైము తగ్గించండి.

ఇంకా అంతు చిక్కకపోతే, మళ్లీ కేసు మీద ప్రయోగాలు చేసి బ్లాకు అరగదీయకండి. ఒకే కంట్రోల్ బ్లాకు నుంచి నాలుగు స్లైడ్లు కోయండి. ఒకటి మీ మామూలు పద్ధతి. రెండోది అదే, ప్రైమరీ లేకుండా. మూడోది అదే, రిట్రీవల్ బఫరు మాత్రం మార్చి. నాలుగోది అదే, ప్రైమరీ రెట్టింపు చిక్కగా. మూడోది బాగుపడితే తేడా బఫరులో ఉంది, నాలుగోది బాగుపడితే డైల్యూషన్‌లో ఉంది. రెండోదానికి కూడా రంగొస్తే బ్యాక్‌గ్రౌండ్. రెండోది ఖాళీగా ఉండి, మిగతా మూడూ ఒకేలా లేతగా ఉండి, ట్యూబులో డ్యాబ్ రంగు తిరిగితే, అప్పుడు వయల్ ఎక్స్‌పైరీ తేదీ చూసి కొత్తదానికి ఆర్డర్ పెట్టండి.